ఆఖరి లైను వదిలేసే సైదమ్మ మేడం

సైదమ్మ మేడం ఏ లెక్కనీ చివరిదాకా చెయ్యదు. స్టాఫ్ రూములో నేను ఆవిడ పక్క కుర్చీలో ఉన్న రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్క లెక్క కూడా పూర్తిచేసిన పాపాన పోలేదు.

చేతకాక కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ రోజుల్లో ఫిజిక్స్ చెప్పేవాళ్ళు గల్లీకి పదిమంది ఉండేవారు. కెపాసిటర్ల లెక్కలు ఆవిడంత శుభ్రంగా విడదీసేవాళ్ళని మాత్రం నేను చూడలేదు. సాలెగూడులా ఉన్న సర్క్యూట్‌ని బోర్డు మీద మూడు గీతల్లో నిచ్చెనలా మార్చేసేది. ఇవి రెండూ ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, సిరీస్, కలిపితే తగ్గుతుంది. ఇది వాటి పక్కన ఉంది, ప్యారలల్, కలిపితే పెరుగుతుంది. మొత్తం ఛార్జి ఇంత, దీని మీద ఇన్ని వోల్టులు, దాని మీద... అంతే. సుద్దముక్క బల్లమీద పెట్టి, చేతులు దులుపుకుని, "మిగిలింది రేపు" అనేది.

పోనీ రేపు తనే చెప్తుందా అంటే, చెప్పదు. ఆ ఆఖరి లైను ఎవరికి వాళ్ళు చేసుకుని, కాగితం చేత్తో పట్టుకుని, స్వయంగా వచ్చి ఆవిడకి ఇవ్వాలి. ఫోన్లో చెప్తే ఒప్పుకోదు. పక్కవాడి చేత పంపితే అసలే ఒప్పుకోదు. చూసి రాసే అవకాశం లేకుండా క్లాసులో ఉన్న ఎనభై నాలుగు మందికి ఎనభై నాలుగు రకాల అంకెలు ఇచ్చేది. వాటిని తయారుచెయ్యడానికే ఆవిడ ఆదివారాలన్నీ ఖర్చయిపోయేవి.

మా కోచింగ్ సెంటర్ యజమాని విశ్వేశ్వరరావు గారికి ఇది గుండెల మీద కుంపటి. 'ప్రతి లెక్కకూ పూర్తి సాధన' అని కరపత్రాల్లో అచ్చేయించుకున్న మనిషి. ఒకరోజు సంగతేంటో తేల్చుకుందామని తనే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు. మూడు, ఆరు మైక్రోఫారడ్ల కెపాసిటర్లు సిరీస్‌లో పెట్టి, మొత్తం ఎంతవుతుందో చెప్పకుండా వదిలేసిందావిడ. మర్నాడు పొద్దున్నే విశ్వేశ్వరరావు గారు చీటీ పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చారు. అందులో తొమ్మిది అని ఉంది. ఆవిడ చీటీ తీసుకుని, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, సంతోషం సార్, రేపు కూడా రండి అంది. ఆయన మళ్ళీ ఆ క్లాసు వైపు రాలేదు. జవాబు రెండని నేనూ ఆయనకి చెప్పలేదు.

ఆవిడది నల్లగొండ వైపు పల్లెటూరు. ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషి. నాది రేపల్లె, చెప్పేది కెమిస్ట్రీ, పేరు భానుమూర్తి. రెండువేల పది జూన్‌లో ఆవిడ మా దగ్గర చేరేటప్పటికి తెలంగాణ ఉద్యమం వీధుల్లోనే కాదు, మా స్టాఫ్ రూములోకి కూడా వచ్చేసింది. ఉన్నది ఒకటే పొడుగు బల్ల. ఆ బల్లకే అటు కొందరు, ఇటు కొందరు. తిట్టుకున్నది లేదు. మాట్లాడుకోవడం మానేశారు, అంతే. నా వైపున్న ఇద్దరూ ఉద్యోగాలు చూసుకుని విజయవాడ వెళ్ళిపోయాక, టీ తాగేటప్పుడు నా ఎదురుగా గోడ ఉండేది. సైదమ్మ మేడం చేరిన రెండో రోజున కుర్చీ లాక్కొచ్చి ఆ గోడకీ నాకూ మధ్యన వేసుకుంది. వాళ్ళ ఊళ్ళో బర్రె బావిలో పడ్డ కథ ఎత్తుకుంది. ఊరంతా ఉరికొచ్చారు, మోకులు తెచ్చారు, ఒకడు దిగాడు, అంతలో క్లాసుకి గంట కొట్టారు. "మిగిలింది రేపు సార్" అని వెళ్ళిపోయింది. ఆ బర్రె నాలుగు రోజులపాటు బావిలోనే ఉంది. మూడో రోజుకి మెడదాకా పైకొచ్చింది. నేను సెలవు పెట్టాల్సిన జ్వరంలో కూడా నాలుగో రోజు వెళ్ళాను.

మా ఆవిడ కోటేశ్వరమ్మ చింతకాయ తొక్కు ఎలా నూరతారని మేడంకి ఫోన్ చేసింది. అన్నీ చెప్పి, పోపు దగ్గర ఆపేసిందట. రోటి ముందు కూర్చున్న మా ఆవిడ, లెక్కలు ఆగుతాయేమో గాని పచ్చడి ఆగదని మీ మేడంకి చెప్పండి అని నా మీద కేకలేసింది. మర్నాడు సైదమ్మ మేడం తనే పోపు గిన్నెతో మా ఇంటికి వచ్చింది.

ఇక జగన్ సంగతి. హయత్‌నగర్ డిపోలో బస్సు నడిపే లచ్చయ్య కొడుకు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండేవాడు. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ తల కాస్త వంచుకుని ఉండేవాడు. వాడికి సిరీస్ ఒక పట్టాన ఎక్కలేదు. రెసిస్టర్లని కలిపినట్టే కెపాసిటర్లనీ కలిపేసేవాడు. మూడూ ఆరూ తొమ్మిది. రోజూ తప్పు చీటీ తెచ్చేవాడు, రోజూ ఆవిడ తీసుకునేది. గ్రాండ్ టెస్టులో వాడి పేరు ఆఖరునుంచి మూడోది. నేను వాడి మీద ఆశ వదిలేశాననే సంగతి వాడికి కూడా తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటే నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

రెండువేల పదకొండు సెప్టెంబరు పదమూడున సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. ఎప్పుడు తెరుస్తామో తర్వాత చెప్తామని విశ్వేశ్వరరావు గారు మా గేటుకి తాళం వేయించారు. సమ్మె చెయ్యాల్సిందేనని గట్టిగా అన్నవాళ్ళలో సైదమ్మ మేడం ఒకరు. ఊరేగింపుల్లో నడిచింది, ఎల్బీనగర్ రోడ్డు మీద పొయ్యి పెట్టి వంట కూడా చేసింది. అలాంటి మనిషి మూడో రోజు పొద్దున్నే కర్మన్‌ఘాట్ నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చి, మీ స్కూటర్ కావాలి సార్, మీరు కూడా కావాలి, నాకు నడపనీకి రాదు అంది.

విషయం ఏంటంటే, సమ్మెకి ముందు రోజు ఎనభై నాలుగు మందికీ ఆఖరి లైను వదిలేసింది. రేపు తెమ్మంది. ఆ రేపు రాకుండా పోయింది. ఇప్పుడు వాళ్ళున్న చోటికి వెళ్ళి వసూలు చెయ్యాలట.

నాకు నవ్వొచ్చింది. ఊరంతా అట్టుడికిపోతుంటే ఈవిడకి వోల్టుల గోల. కానీ ఆవిడ ముఖం చూసి స్కూటర్ తీశాను.

వారం రోజులు తిరిగాం. చైతన్యపురి, సరూర్‌నగర్, కొత్తపేట. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్‌తో పేర్లు పిలిపించేది. పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని, నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చేవారు. పోలీసులనుకుని ఒకడు మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటున దాక్కున్నాడు. ఫిజిక్స్ మేడం అని తెలిశాక ఇంకా లోపలికి దాక్కున్నాడు. ఎల్బీనగర్ రింగ్ రోడ్డు మీద బైఠాయించిన కుర్రాళ్ళు మా బండి ఆపి, ఏ ఊరు సార్ మీది అన్నారు. నోరు విప్పితే నా యాస చెప్పేస్తుంది. ఆవిడ వెనక సీటు మీద నుంచే, మా సారే, బిడ్డా, జర దారియ్యండి అంది. ఇచ్చారు.

ఆ వారంలో నేను గమనించింది ఒకటుంది. పిల్లలు ఇచ్చిన చీటీలని ఆవిడ చూడటం లేదు. మడిచి సంచీలో వేసుకునేది. చూసేదల్లా వాళ్ళ ముఖం. తిన్నావా, నిద్ర పడుతుందా, ఇంటికి ఫోన్ చేసినవా అని అడిగి, పుస్తకంలో పేరు పక్కన టిక్కు పెట్టి, ఇంకో లెక్క సగం చేసి ఇచ్చి, ఎల్లుండి వస్తా అని బయలుదేరేది. జవాబు తప్పో ఒప్పో చూడరేంటండీ అని అడిగాను. మాట మార్చేసింది.

ఎనభై మూడు టిక్కులు పడ్డాయి. జగన్ మిగిలాడు. వాడి హాస్టల్‌కి మేం వెళ్ళేసరికి ఆర్టీసీ వాళ్ళు కూడా సమ్మెలో దిగి బస్సులు ఆగిపోయి రెండ్రోజులైంది. జగన్ మొన్ననే ఇంటికి పోతున్నానని చెప్పి నడుచుకుంటూ వెళ్ళాడని వార్డెన్ చెప్పాడు. ఫోన్ స్విచ్చాఫ్‌లో ఉంది. వాళ్ళ నాన్న లచ్చయ్య నంబరుకి చేస్తే, మావోడు హాస్టల్లనే ఉన్నడు గద మేడం, బస్సులు లేవని నేనే రావొద్దన్న అన్నాడు.

ఆవిడ హాస్టల్ మెట్టు మీద కూలబడిపోయింది. నేను ఏ స్నేహితుడి గదిలోనో ఉండుంటాడండీ అన్నాను. అక్కడితో ఊరుకోకుండా, ఒక్క లైను కోసం ఇంత హైరానా ఎందుకని కూడా అన్నాను.

ఆవిడ టిక్కుల పుస్తకం మూసి సంచీలో పెట్టింది. తర్వాత నేల వైపు చూస్తూ చెప్పింది.

మా దగ్గరికి రాకముందు ఆవిడ ఇంకో కాలేజీలో పనిచేసేది. అక్కడ రాఘవేంద్ర అని ఒక కుర్రాడు. తుర్కయంజాల్ వాళ్ళది. చురుకైనవాడు. రెండువేల పది మొదట్లో, పేపరు నిండా పిల్లల చావుల వార్తలొచ్చే రోజుల్లో, ఒక సాయంత్రం కాలేజీ వదిలాక ఆవిడ దగ్గరికి కెపాసిటర్ల లెక్క పట్టుకొచ్చాడు. వాడికి ఆ లెక్క వచ్చని ఆవిడకి తెలుసు. బస్సుకి టైమవుతోందని, నిలబడే రెండు నిమిషాల్లో చేసి చేతిలో పెట్టేసింది. వాడు థాంక్స్ మేడం అన్నాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంకేమన్న ఉందా అంటే ఏం లేదన్నాడు. మర్నాడు తెల్లారేసరికి వాడు లేడు. తెలంగాణ కోసం అని ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు.

"మొత్తం చెప్పేసిన సార్," అంది సైదమ్మ మేడం. "ఆఖరి లైను దాక చెప్పేసిన. మర్నాడు నా దగ్గరికి వచ్చే పనే లేకుండ చేసిన."

నేను పెద్దగా తెలిసినవాడిలా, ఒక లెక్క మనిషిని ఆపుతుందా అండీ అన్నాను.

"ఆపదు. నాకు తెల్వదా? గాని ఒక్క దినం ఆపుతదేమో. ఆ ఒక్క దినంల ఎవలన్న వాని మొఖం చూస్తరేమో."

అప్పుడు నేను స్కూటర్ ఎలా స్టార్ట్ చేశానో, హయత్‌నగర్ దాకా ఎలా నడిపానో గుర్తులేదు. బస్సుల్లేని ఆ హైవే అంత వెడల్పుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. వెనక కూర్చుని ఆవిడ దారిలో నడిచే ప్రతి పొడుగాటి కుర్రాడినీ చూస్తోంది. ఇద్దరు ముగ్గురి దగ్గర బండి ఆపమంది కూడా.

డిపో గేటు పక్కన సమ్మె టెంటు. లచ్చయ్య మా కోసమే నిలబడి ఉన్నాడు. ఫోన్ వచ్చినప్పటి నుంచి తెలిసినవాళ్ళందరికీ చేశాడట, ఎవరూ చూడలేదన్నారట. యాభై ఏళ్ళ మనిషి, మెడలో గులాబీ కండువా, చేతిలో ఇంకా ఫోన్. కొడుకుని కోపంగా ఏమన్నా అన్నావా అని మేడం అడిగింది. ఏమనలేదన్నాడు. చిన్నప్పుడు అలిగితే ఎక్కడికి పోయేవాడని అడిగింది.

లచ్చయ్య ఆలోచించలేదు. వెనక్కి తిరిగి డిపో లోపలికి పరిగెత్తాడు. వందకి పైగా బస్సులు వరసగా దుమ్ము పట్టి నిలబడి ఉన్నాయి. వాటి మధ్యనుంచి సందులు చేసుకుంటూ తను రోజూ నడిపే బస్సు దగ్గరికి వెళ్ళాడు. వెనక తలుపు కొద్దిగా తెరిచి ఉంది. ఆఖరి సీటులో జగన్ మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నాడు. నాన్న టెంటుకి రెండు వందల గజాల దూరంలో, రెండ్రోజులుగా.

లచ్చయ్య ఎక్కబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది. తనొక్కతే ఎక్కి వాడి పక్కన కూర్చుంది. నేను ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాను.

ఆవిడ ముందుగా అడిగింది లెక్కే. వాడు చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. చెమటకి తడిసి ఆరి, మడతల దగ్గర చిరుగు పట్టింది. మూడు, ఆరు సిరీస్‌లో, వాటి పక్కన నాలుగు ప్యారలల్‌లో, పన్నెండు వోల్టుల బ్యాటరీ. ఆ రెండూ కలిసి రెండని సరిగ్గానే రాశాడు. తొమ్మిది కాదు. ఛార్జి ఇరవై నాలుగు. మూడు మీద ఎనిమిది వోల్టులు. ఆరు మీద ఎంతో రాయలేదు.

"నాలుగు మేడం," అన్నాడు.

"మరి రాయలేదేంది?"

"రాస్తే మీకియ్యాలె. క్లాసులు లేవాయె."

మిగతాది వాడే చెప్పాడు. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"నాకేం రాదు మేడం. మా నాయిన ఉద్యోగం వదులుకోని టెంట్ల కూసున్నడు. నేనుండి ఏం చేస్తున్న? పోతే తెలంగాణకన్న పనికొస్త."

బయట లచ్చయ్య విన్నాడు. బస్సు రేకుకి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. సైదమ్మ మేడం వాడిని తిట్టలేదు, ఒళ్ళోకీ తీసుకోలేదు. కాగితం మడిచి వాడి జేబులోనే పెట్టింది.

"తెలంగాణ వస్తదిరా. వచ్చినంక అండ్ల ఉండనీకి మనుషులు కావాలె గద. మీరందరు పోతే అది ఎవలికొచ్చినట్టు?"

వాడప్పుడు ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆవిడ పక్కన కూర్చునే ఉంది. టెంటులోంచి ఎవరో అన్నం పళ్ళెం తెచ్చి లచ్చయ్యకి ఇస్తే, లచ్చయ్య నాకిచ్చాడు. నేను మేడంకి ఇచ్చాను. వాడు తిన్నాడు. నేను వాడికి చెప్పాల్సిన మాటొకటి ఉంది. ఎలా చెప్పాలో తెలియక, జగన్, గ్రాండ్ టెస్టు పేపరు నేను కష్టంగా ఇచ్చాన్రా అన్నాను. వాడు తల ఊపాడు.

రాఘవేంద్ర మాట కూడా మేడం ఆ రోజే లచ్చయ్యకి చెప్పింది. కొడుకుని ఒంటరిగా వదలొద్దని, దవాఖానలో డాక్టర్‌కి చూపించమని, సిగ్గుపడొద్దని చెప్పింది. లచ్చయ్య అన్నిటికీ అట్లనే మేడం అన్నాడు, అలాగే చేశాడు కూడా.

మర్నాటి నుంచి కర్మన్‌ఘాట్‌లో ఆవిడ కిరాయికుండే ఇంటి డాబా మీద పిల్లలు చేరారు. మొదట జగన్ ఒక్కడే. వారం గడిచేసరికి పాతికమంది. క్లాసని పేరు పెడితే సమ్మెకి ద్రోహం కాబట్టి, ఊరికే కూర్చున్నామని చెప్పేవాళ్ళం. కింద ఇంటి ఓనరు కిష్టమ్మ అనే ముసలావిడ మొదటి రోజు మెట్ల మీద చెప్పులు లెక్కపెట్టి, గిదేం పెండ్లి అని విసుక్కుంది. నాలుగో రోజుకి బక్కెటతో చాయ్ పట్టుకొచ్చింది. నెల తిరిగేసరికి, నేను మేడం రాక ముందు పిల్లలతో ఏదో మాట్లాడుతుంటే నన్ను ఆపి, "సీరియల్ల కలిపితే తగ్గుతది సారూ, గా పక్కపక్కన పెడితేనే పెరుగుతది" అని చెప్పి, ఖాళీ గ్లాసులు ఏరుకుని దిగిపోయింది. అప్పుడు జగన్ నవ్వడం మొదటిసారి చూశాను. నేను చెప్తున్నది ఆక్సిజన్ గురించి.

సమ్మె ఆగిపోయింది. తెలంగాణ ఆ ఏడాది రాలేదు. మరుసటేడు మా కోచింగ్ సెంటర్ మూతపడింది, నేను ఇంకో చోట చేరాను. మేడం సర్కారు కాలేజీకి వెళ్ళింది. జగన్‌కి ఇంజనీరింగ్ సీటు రాలేదు. పాలిటెక్నిక్‌లో చేరాడు.

రెండువేల పధ్నాలుగు జూన్ రెండున ఊరంతా సంబరం. సైదమ్మ మేడం పొద్దున్నే ఫోన్ చేసి, స్కూటర్ ఉందా సార్ అంది. సంబరాలకనుకున్నాను. తుర్కయంజాల్ పొమ్మంది.

రాఘవేంద్ర తల్లి యాదలక్ష్మి గడపలో కూర్చుని ఉంది. నాలుగేళ్ళుగా మేడం నెలకోసారి ఇక్కడికి వస్తోందని నాకు అప్పుడే తెలిసింది. దూరంగా ఎక్కడో టపాసులు పేలుతున్నాయి. యాదలక్ష్మి మాకు చాపేసి, వచ్చింది గద మేడం అంది. వచ్చిందక్కా అంది మేడం. వాడుంటే ఇప్పుడు ఇరవై రెండు అంది యాదలక్ష్మి. ముగ్గురం టపాసులు వింటూ కూర్చున్నాం.

అంతలో బండి ఆగిన చప్పుడైంది. జగన్. మేడమే రమ్మందట. రెండేళ్ళయింది నేను వాడిని చూసి. భుజాలు వెడల్పయ్యాయి. పైగా మీసం పెంచాడు. ఒకవైపు దట్టంగా, ఇంకోవైపు పల్చగా, చివర్లు కిందికి జారి, ఎవరో తొందరలో అంటించి వెళ్ళిపోయినట్టుంది. వాడు యాదలక్ష్మి కాళ్ళకి దండం పెట్టి లేచాడు. ఆవిడ వాడి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను.

"బిడ్డా, గీ మీసం నీకు అస్సలు బాగలేదు," అంది.

వాడు సిగ్గుతో చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యాదలక్ష్మి నవ్వింది. పైట చెంగు నోటికి పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. గొరిగించుకుంటా అమ్మా అని వాడన్నాడు.

"వద్దు, ఉండనీ," అంది.